కొయ్య ఈటె: నకలు చేసి తెలుసుకొన్న చరిత్ర

ఆదిమానవుడనగానే మనకు రాతి గొడ్డలి గుర్తుకు వస్తుంది. దానికి కారణం అతడు రాతినే వాడాడని కాదు, రాయి మాత్రమే మనదాకా మిగిలిందని. మద్రాసుకు చేరువలోని అత్తిరంపాక్కంలో 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ గుర్తించిన రాతి పనిముట్లు ఉన్నాయి. వాటితో చెక్కిన కర్రలు మాత్రం మన నేలలో ఎప్పుడో మట్టిలో కలిసిపోయాయి. కర్ర కథ కోసం ఐరోపా వైపు చూడక తప్పదు.

ఇంగ్లండులోని క్లాక్టన్‌లో 1911లో యూ కర్రతో చేసిన ఒక ఈటె మొన దొరికింది. వయస్సు సుమారు 4 లక్షల ఏళ్లు. జర్మనీలోని లేరింగెన్‌లో 1948లో ఏనుగు అస్థిపంజరంతో పాటు ఒక నిండు ఈటె బయటపడింది. అయినా అవి గడ్డపారలేమో, మంచును పొడిచి చూసే కర్రలేమోనన్న వాదం పోలేదు. తొలి మానవుడు వేటగాడు కాడనీ, మృగాలు వదిలిన మాంసం ఏరుకొని తిన్నాడనీ చెప్పేవారికి ఆ వాదం అక్కరకు వచ్చింది. 1990ల నడుమ అదే దేశంలో షోనింగెన్ బొగ్గు గనిలో హార్ట్‌ముట్ టీమె బృందం గుర్రాల ఎముకల నడుమ అనేక ఈటెలను వెలికితీసింది. పూర్వపు చెరువు ఒడ్డు తడిమట్టి వాటిని కాపాడింది.

వాటి పనితనం చూడదగినది. ఒక్కటి తప్ప అన్నీ స్ప్రూస్ కర్రలే. చెట్టు మొదలు గట్టిగా ఉంటుంది గనుక మొనను ఆ వైపే చెక్కారు. అంతేకాదు, కాండం నడిమి బెండు సరిగ్గా మొన కొసకు రాకుండా కొంచెం పక్కకు తప్పించారు. బెండు కొసన పడితే మొన తొందరగా విరుగుతుంది. మన వడ్రంగికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

అట్లాంటి ఈటెను తిరిగి చేసేవారికి మొదటి చిక్కు పనిముట్టు దగ్గరే వస్తుంది. బాడిసతోనూ ఉలితోనూ చేస్తే ఈటె తయారవుతుంది గాని, దాని ఒంటి మీది గీతలు ఇనుప గీతలే అవుతాయి. క్లాక్టన్ మొనకు నకలు చేసినవారు చెకుముకి పెచ్చు అంచున గండి కొట్టి, ఆ గండితో కర్రను చిత్రిక పట్టి చూశారు. పని నడిచింది.

ఇక విసరడం. బరువైన ఈ ఈటెలు 10 మీటర్లకు మించి పనికిరావని, దగ్గరికి వెళ్లి పొడవడానికేనని చాలాకాలం అనుకొన్నారు. 2019లో అనెమీక్ మిల్క్స్ బృందం ఒక అధ్యయనం ప్రకటించింది. కెంట్‌లో పెరిగిన స్ప్రూస్‌తో 760, 800 గ్రాముల బరువున రెండు నకళ్లు చేయించి, పైతలాన్ని రాతి పనిముట్లతో తీర్చి, జావెలిన్ క్రీడాకారుల చేతికిచ్చారు. పురుషుల జావెలిన్ బరువూ 800 గ్రాములే. 20 మీటర్ల దూరాన ఉన్న గురికి దెబ్బ తగిలింది.

దీనితో ఏమి రుజువైంది? భాషాచరిత్ర చదివేవారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. తెలుగు ‘ఈటె’, తమిళ ‘ఈట్టి’, కన్నడ ‘ఈటి’ పక్కపక్కన పెట్టి మనం ఒక మూలరూపాన్ని ఊహిస్తాం, ముందు నక్షత్రపు గుర్తు పెడతాం. అది ఉండి ఉండవచ్చునని ఆ గుర్తుకు అర్థం. నకలు ఈటె కూడా నక్షత్రపు గుర్తున్న వస్తువే. విసరవచ్చునని చెబుతుంది, విసిరారని చెప్పదు. (‘బల్లెం’ సంగతి వేరు, అది సంస్కృత ‘భల్లం’ నుంచి వచ్చింది, మరాఠీ ‘భాలా’ దాని చుట్టమే.) ఈ హద్దు మరచి, క్రీడాకారుడి భుజబలాన్ని ఆదిమ వేటగాడికి అంటగట్టే రాతలు మనకు సమ్మతం కావు.

షోనింగెన్ ఈటెల వయస్సు 3 లక్షల ఏళ్లని లెక్కించారు. 2025లో నత్తల అవశేషాలను పరీక్షించినవారు అది సుమారు 2 లక్షలేనన్నారు. ఆ లెక్క నిలిస్తే 20 మీటర్ల దూరం మారదు గాని, విసిరిన చెయ్యి నియాండర్తాల్ మానవుడిది అయ్యే అవకాశం పెరుగుతుంది.