ఐత్వం, ఔత్వం: అక్షరం వచ్చిన దారి, పలుకు పుట్టిన చోటు

తెలుగు అచ్చుల వరుసలో ఏ తర్వాత ఐ, ఓ తర్వాత ఔ నిలుస్తాయి. చూపునకు ఇవి ఒక్కొక్క అక్షరమే అయినా, పలికేటప్పుడు నోరు అకారంతో మొదలై ఒకదానిలో ఇకారం వైపు, మరొకదానిలో ఉకారం వైపు జారుతుంది కాబట్టి, భాషాశాస్త్రం వీటిని సంయుక్త స్వరాలుగా లెక్కిస్తుంది. వేదశాఖల ఉచ్చారణ నియమాలను చెప్పే ప్రాతిశాఖ్యాలు ఏ, ఓ, ఐ, ఔ అనే నాలుగింటినీ రెండేసి స్వరాల కలయికలుగా భావించి సంధ్యక్షరాలన్నాయి. తెలుగు వ్యాకర్తలు మరొక కొలత పెట్టుకొని, ఎ, ఏ, ఒ, ఓ లను వక్రములనీ, వాటికంటె నోటిని మరింత వంకర తిప్పే ఐ, ఔ లను వక్రతమములనీ పిలిచారు. ఒకటో తరగతి పిల్లలు అచ్చుల పాటలో సాఫీగా పాడే ఈ రెండు అక్షరాలు గుణింతానికి వచ్చేసరికి ఎందుకు చిక్కు పెడతాయో తెలియాలంటే, అక్షరం ఒక దారిన, పలుకు మరొక దారిన తెలుగులోకి వచ్చిన సంగతిని ముందుగా గమనించాలి.

అక్షరం వచ్చిన దారి సంస్కృతానిది. తెలుగు నేలపై దొరికిన తొలి రాతల భాష ప్రాకృతం కాగా, ప్రాకృతానికి ఐ, ఔ లతో దాదాపు పనిలేదు. సంస్కృతంలోని ఐకారం అక్కడ ఎక్కువగా ఏకారమై, ఔకారం ఓకారమై తేలికపడ్డాయి. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దిలో అశోకుడు కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై చెక్కించిన ధర్మలిపులలో మనుషులకూ పశువులకూ మందు మొక్కలు నాటించిన ముచ్చట ఉంది. నేటి వాచకాలు తరచుగా ఔ అక్షరానికి బొమ్మగా చూపే ఔషధం అనే మాట అక్కడ ఓకారంతోనే కనిపిస్తుంది. తర్వాతి శతాబ్దాలలో రాజశాసనాలకు సంస్కృతం వాడుక పెరిగినకొద్దీ ఈ రెండు స్వరాలకు స్థిరమైన గుర్తులు అవసరమయ్యాయి. బ్రాహ్మీ లిపిలో హల్లు తలపై ఒక చిన్న గీత గీస్తే ఏత్వం, దానికి తోడు రెండో గీత గీస్తే ఐత్వం. ఔత్వాన్ని కూడా ఓత్వానికి మరొక గీత చేర్చే కల్పించారు. ఆ రెండో గీత తెలుగు, కన్నడ లిపుల పరిణామంలో హల్లు కిందికి దిగి నేటి ఐత్వపు తోకగా మిగిలింది. కై అనే అక్షరంలో పైన కనిపించేది ఎత్వమే, కింద వేలాడేది రెండు వేల ఏండ్లనాటి అదనపు గీత.

పలుకు పుట్టుక మాత్రం సంస్కృతాన్ని ఆశ్రయించలేదు. ద్రావిడ భాషల చరిత్రను నిర్మించిన భద్రిరాజు కృష్ణమూర్తి (1928–2012) మూలద్రావిడానికి ఐదు హ్రస్వాలు, ఐదు దీర్ఘాలు మాత్రమే ఉన్నాయనీ, ఐ, ఔ లుగా కనిపించేవి నిజానికి అకారం తర్వాత య, వ లు చేరిన జంటలనీ వివరించాడు. తమిళుల తొల్కాప్పియం కూడా అ, ఇ కలిస్తే ఐకారమనీ, అ, ఉ కలిస్తే ఔకారమనీ ఏనాడో చెప్పింది. తెలుగులో ఇలాంటి జంటలు పుట్టిన తీరును చూడడానికి ఎక్కాల పుస్తకమే చాలును. ఇరువది, ముప్పది, ఏబది అనే పాత రూపాలలో దకారం నోట నలిగి జారిపోగా, ఇరవయి, ముప్పయి మీదుగా నేటి ఇరవై, ముప్పై, యాభై తయారయ్యాయి. ఇరవై నుంచి తొంభై వరకు ఎనిమిది పదుల సంఖ్యలూ ఐత్వంతోనే ముగుస్తాయి గనుక, ఐత్వం పేరు వినకముందే పిల్లవాడు దానిని లెక్కల గంటలో కొన్ని వందల సార్లు పలికి ఉంటాడు. అగును అనేది అవును అయి, అదే మరింత కుదించుకొని ఔను అయింది. అయి అనే రూపం ఐ గా ముడుచుకొంది. ఐదు అనే సంఖ్యకు పాత తెలుగులో ఏను అనే రూపం కూడా ఉండేదనడానికి పదిహేనులో దాగిన ఏను నేటికీ సాక్ష్యం.

ఈ విధంగా ఒకే పలుకుకు ఐ అనీ, అయి అనీ రెండు రాతలు ఏర్పడ్డాయి. ఐదు, అయిదు, ఐన, అయిన, పై, పయి, ఔను, అవును, బైట, బయట వంటి జంటలలో ఏది ఒప్పు అనే ప్రశ్న బడి పలకపై మాత్రమే పుడుతుంది. కవులకు ఆ ప్రశ్న లేదు, పైగా రెండు రాతలూ వారికి కలిసివచ్చాయి. జనగామ జిల్లా పాలకుర్తి తనవాడుగా చెప్పుకొనే పాల్కురికి సోమనాథుడు బసవపురాణానికి ఎంచుకొన్న ద్విపద ఛందస్సులో ఒక్కొక్క పాదానికి మూడు ఇంద్రగణాలు, చివర ఒక సూర్యగణం రావాలి. సూర్యగణం అంటే ఒక గురువూ ఒక లఘువూ అయినా కావాలి, మూడు లఘువులైనా కావాలి. ఐదు అని రాస్తే మొదటి కొలత, అయిదు అని రాస్తే రెండవ కొలత సరిపోతాయి. రెండు రాతలూ ఒకే గణపు రెండు రూపాలకు అతికినట్లు కుదరడం యాదృచ్ఛికమే కావచ్చును గాని, ద్విపద కట్టేవారికి అంతకన్న అనుకూలమైన యాదృచ్ఛికం ఉండదు.

పద్యశాస్త్రం మరొక విలువైన సాక్ష్యాన్ని కూడా దాచింది. పాదంలోని మొదటి అక్షరానికీ, నియమిత స్థానంలోని అక్షరానికీ ఉండవలసిన పొత్తును యతి అంటారు. ఆ యతి మైత్రిలో ఎ, ఏ లు ఇ, ఈ ల జట్టులోనూ, ఒ, ఓ లు ఉ, ఊ ల జట్టులోనూ చేరగా, ఐ, ఔ లు మాత్రం అ, ఆ ల జట్టులో చేరాయి. లిపి ఐత్వాన్ని ఎత్వం ఇంటిలో కూర్చోబెడితే, కవి చెవి దానిని అకారం ఇంటి బిడ్డగానే గుర్తుపట్టింది. పిల్లవాడి తికమక సరిగ్గా ఇక్కడే ఉంది: కన్ను చూసే గుర్తు కె దగ్గరికి లాగుతుంది, చెవి వినే పలుకు క దగ్గరికి లాగుతుంది. కై అని చెప్పి రాయమంటే కయి అని రాసే పిల్లవాడు తన చెవిని నమ్మాడు. ఆ నమ్మకంలో తప్పేమీ లేదు.

వ్యాకరణాలలో ఈ అక్షరాల హోదా ఏమిటన్నది కొంత చర్చకు లోనైన విషయం. పరవస్తు చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణం సంస్కృతానికి ఏబది, ప్రాకృతానికి నలువది, తెలుగుకు ముప్పదియారు వర్ణాలను లెక్కించి, ఆ ముప్పదియారింటిలో ఐ, ఔ లకు స్థానమిచ్చింది. ఋకారాన్నీ, మహాప్రాణాలనూ అచ్చతెలుగు పట్టికలోకి రానీయని సూరి ఈ రెండింటిని రానిచ్చాడంటే, తెలుగు మాటలలో వాటి బలం ఆయనకు తెలిసినదేనన్నమాట.

బడిలో వీటిని నేర్పిన పద్ధతి చాలాకాలం ఒక్కటే. ఓం నమః శివాయ, సిద్ధం నమః అనే అక్షరాలతో ఓనమాలు దిద్దించి, ఇసుకలో వేలితో రాయించి, ఆ తర్వాత అచ్చులు, హల్లులు, గుణింతాలు వరుసగా వల్లె వేయించేవారు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో ఆదేశించిన విద్యాసర్వేకు బదులుగా బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక ఈ వీధిబడుల వివరాలను పూసగుచ్చినట్లు చెబుతుంది. తెలుగు వ్యాకరణం ఒకటి 1816లోనే అచ్చువేసిన ఆ అధికారి తన జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు లెక్క చెప్పాడు. పిల్లలు ఇసుకలో రాస్తూ అక్షరాలు నేర్వడాన్నీ, పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు నేర్పే పద్ధతినీ మెచ్చుకొన్నాడు. అర్థం తెలియని పద్యాలను కంఠస్థం చేయించడాన్ని మాత్రం తప్పుపట్టాడు. క కు దీర్ఘమిస్తే కా, గుడిస్తే కి అని మొదలై ఐత్వమిస్తే కై, ఔత్వమిస్తే కౌ అని సాగే గుణింతపు వల్లింపు ఆ బడుల ఆస్తి. ఈ వల్లింపును నేడు తక్కువచేసి మాట్లాడడం పరిపాటి అయినా, గుర్తుకు ఒక పేరు, పేరుకు ఒక పలుకు ముడిపెట్టి చెప్పే ఆ క్రమంలో శాస్త్రం లేకపోలేదు. దాని లోపం వేరు: వరుసలో కౌ చెప్పగలిగిన పిల్లవాడు వరుస తప్పించి అడిగితే కో దగ్గర ఆగిపోతాడు.

సోమనాథుడి పాలకుర్తి ఉన్న జనగామ సీమ అప్పటికి నిజాం రాజ్యంలో భాగం. ఉన్నత విద్యకూ కచేరీ పనికీ ఉర్దూ ఏలుబడి సాగుతున్న రోజులలో తెలుగు చదువు వీధిబడుల మీదా, 1901లో హైదరాబాదులో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో వెలసిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వంటి గ్రంథాలయాల మీదా ఆధారపడింది. ఉర్దూ లిపిలో పైసలోని ఐకారానికీ, పేషీలోని ఏకారానికీ ఒకే యే అక్షరాన్ని వాడి, భేదం చూపే చిన్న గుర్తును మామూలుగా వదిలేస్తారు కాబట్టి, చదివేవాడు సందర్భాన్ని బట్టి ఊహించుకోవాలి. తెలుగు లిపి ఆ ఊహకు తావివ్వదు. మరోవైపు పైసలు, ఫౌజు, ఖైదు, హౌజు, కౌలు, మైదానం వంటి మాటలను ఉర్దూ ధారాళంగా ఇచ్చింది గనుక, తెలంగాణ తెలుగులో ఐత్వ ఔత్వాల వాడుక మరింత విస్తరించింది.

జనగామ పల్లెల నోట ఈ రెండు స్వరాలు నేటికీ పుష్కలంగా వినిపిస్తాయి. జాగ్రత్త అనడానికి పైలం, ఆదివారానికి ఐతారం, అవతలికి ఔతల, అవుననడానికి ఔ అనే ఒక్క అక్షరం అక్కడ నిత్యవ్యవహారం. ఆదిత్యవారం అరిగి ఐతవారమై, పల్లె నోట ఐతారంగా నిలిచింది. పుస్తకం అవుతుంది అని ముద్రించిన చోట ఈ సీమ పిల్లవాడు ఐతది అంటాడు. అంటే అతడి ఇంటి ఐకారం ఉన్న తావులో బడి పుస్తకం ఉకారపు జారుడును పెడుతుంది. గిడుగు వేంకట రామమూర్తి (1863–1940) వ్యావహారిక భాషను బడిలోకి తేవాలని పోరాడినప్పుడు ఎత్తిచూపిన దూరం ఇలాంటిదే గాని, వ్యావహారికం గెలిచిన తర్వాత కూడా తెలంగాణ పిల్లలకు ఆ దూరం పూర్తిగా తగ్గలేదు.

ఊళ్ల పేర్లూ మనుషుల పేర్లూ ఇదే కథ చెబుతాయి. హనుమకొండ జిల్లాలోని మల్లన్న క్షేత్రం ఒక బోర్డుపై ఐనవోలు, మరొకదానిపై అయినవోలు, వేరొకచోట ఇనవోలు. సంక్రాంతికి బయలుదేరే భక్తుల నోట అది ఐలోని. ఐలయ్య, ఐలమ్మ అనే పేర్లు ఆ ఐలోని మల్లన్న పేరిట పెట్టుకొనేవేనని ఈ సీమలో చెప్పుకొంటారు. విసునూరు దేశ్‌ముఖుపై పాలకుర్తిలో భూమి కోసం నిలబడి, 1985 సెప్టెంబరు 10న కన్నుమూసిన చిట్యాల ఐలమ్మ పేరు పుస్తకాలలో ఐలమ్మగానూ అయిలమ్మగానూ అచ్చయింది. 2024లో హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టినప్పుడు ఐకారపు రాతే అధికారిక నామంలో నిలిచింది. పాలకుర్తి పిల్లలకు ఐ నేర్పడానికి ఐరావతం దాకా పోవలసిన పనిలేదు.

కంప్యూటరు కూడా ఈ గుర్తు జంటరూపాన్ని గుర్తించింది. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే చోటు దక్కించుకొన్న తెలుగు లిపిలో, ఎత్వం, కింది తోక అనే రెండు ముక్కలుగా విడదీయదగిన అచ్చుగుర్తు ఐత్వం ఒక్కటే. బైకు, టైరు, లైటు, టౌను, కౌంటరు వంటి ఇంగ్లీషు మాటలు కూడా ఈ అక్షరాలకు కొత్త పని కల్పించాయి. ఆ మాటలను ఇంగ్లీషులో రాయడానికి పిల్లవాడు ఒకే ధ్వనికి నాలుగైదు రకాల అక్షరాల కూర్పులను గుర్తుపెట్టుకోవాలి. తెలుగులో ఐత్వమో, ఔత్వమో ఒక్కటి వస్తే చాలు.

తెలంగాణలో 2022 ఆగస్టు 15న మొదలైన తొలిమెట్టు కార్యక్రమం ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లల చదవడం, రాయడం, లెక్క చేయడం అనే పునాది నైపుణ్యాలకు ఉద్దేశించినది. నేటి వాచకాలు అక్షరాల వరుసను పక్కనపెట్టి, బొమ్మ నుంచి మాటకు, మాట నుంచి అక్షరానికి నడిపిస్తాయి. ఈ క్రమం ఐత్వ ఔత్వాలకు ఎంతో అనువైనది, ఎంచుకొన్న మాట పిల్లవాడి నోటిదైతేనే. ఇరవై, ముప్పై, పైసలు, పైలం, ఐతారం, ఔతల అనే మాటలను ముందు నోట పలికించి, కె, కే, కై లనూ, కొ, కో, కౌ లనూ పక్కపక్కన పెట్టి కంటికి భేదం చూపించి, కింది తోక ఒత్తక్షరం కాదని చెప్పిన తర్వాతే ఐరావతానికీ ఔషధానికీ వెళ్లడం మేలు. ఇక అయిదు, అవును అని రాసిన పిల్లల పలకపై కొట్టివేత గీత పెట్టే ఉపాధ్యాయులు ఒక్కసారి ఆగాలి. శతాబ్దాలుగా కవులు వాడిన, నిఘంటువులు ఒప్పుకొన్న రూపాలవి, వాటికి తప్పు వేయడానికి ఏ వ్యాకరణమూ అనుమతించదు.