తీగచుట్టల ప్రేరణ: భావనల చరిత్ర, తెలుగు పరిభాష

ఉపోద్ఘాతం:
'స్వయం ప్రేరణ', 'అన్యోన్య ప్రేరణ' అనే పారిభాషిక పదాలు తెలుగు మాధ్యమ భౌతికశాస్త్ర విద్యార్థులకు చిరపరిచితాలు. ఈ భావనల చరిత్రను, వాటి తెలుగు పేర్ల ఔచిత్యాన్ని చిత్తూరు, తిరుపతి ప్రాంతాల నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆవిష్కరణ:
1831 ఆగస్టు 29న మైకేల్ ఫారడే ఇనుప వలయంపై రెండు తీగచుట్టలు చుట్టి ప్రయోగం చేశాడు. మొదటి చుట్టలో విద్యుత్తును ప్రవేశపెట్టినప్పుడు, ఆపినప్పుడు మాత్రమే రెండో చుట్టకు సంబంధించిన సూచి కదిలింది. ప్రవాహం నిలకడగా ఉన్నంతసేపు కదలలేదు. ప్రేరణకు మూలం ప్రవాహం కాదు, ప్రవాహంలోని మార్పు అని తేలింది. ఇది అన్యోన్య ప్రేరణ. పొడవైన తీగలో ప్రవాహాన్ని తెంచినప్పుడు బలమైన నిప్పురవ్వ పుడుతుందని అమెరికాలో జోసెఫ్ హెన్రీ 1832లో ప్రకటించాడు. తనలోని ప్రవాహం మారితే ఆ మార్పును తీగచుట్ట తానే ఎదిరించడం స్వయం ప్రేరణ. 1893లో షికాగో అంతర్జాతీయ విద్యుత్ మహాసభ ప్రేరకత్వ ప్రమాణానికి 'హెన్రీ' అని పేరు పెట్టింది.

పరిభాష:
1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ కళాశాల స్థాయి పాఠ్యపుస్తకాలను తెలుగులో ప్రచురించడం ఈ పరిభాష వ్యాప్తికి తోడ్పడింది. వ్యాకరణంలో 'చేయు'కు ప్రేరణార్థకం 'చేయించు'. తీగ కలపకుండానే ఒక చుట్ట మరొక చుట్టలో విద్యుచ్ఛాలక బలాన్ని పుట్టించడానికి ఆ మాట చక్కగా అమరింది. 'అన్యోన్య' అన్న విశేషణమూ ఉచితమే. ఏ చుట్ట నుంచి లెక్కించినా అన్యోన్య ప్రేరకత్వం విలువ ఒక్కటే. 'స్వయం ప్రేరణ' విషయం వేరు. వ్యవహారంలో ప్రేరణ అంటే ప్రోత్సాహం. ఇక్కడ జరిగేది ప్రతిఘటన. ఆ ప్రతిఘటన పదంలో ధ్వనించదు.

ప్రాంతీయ సందర్భం:
స్వర్ణముఖి, బాహుదా వంటి నదులు ఏడాదిలో ఎక్కువకాలం ఎండి ఉండే ఈ ప్రాంతంలో సేద్యం ప్రధానంగా బోరుబావుల మీద ఆధారపడింది. పొలం దగ్గరి ట్రాన్స్‌ఫార్మర్ 11,000 వోల్టుల విద్యుత్తును మోటారుకు తగినట్లు సుమారు 400 వోల్టులకు తగ్గించేది అన్యోన్య ప్రేరణతోనే. మోటారు ఆపినప్పుడు స్టార్టరులో మెరిసే రవ్వ వెనుక ఉన్నది స్వయం ప్రేరణ. రైతుబిడ్డ ఆ రవ్వను చిన్ననాటి నుంచి చూస్తాడు. ఆ పదాన్ని పరీక్ష కోసం కంఠస్థం చేస్తాడు. ఈ రెండింటికీ గల సంబంధం తెలియకపోతే మాతృభాషలో చదివిన ప్రయోజనం అతనికి దక్కదు.

ముగింపు:
స్థిరపడిన పదాన్ని మార్చనవసరం లేదు. నిర్వచనంలో 'ఎదిరించు' అనే క్రియకు ప్రాధాన్యమిచ్చి, ఉదాహరణను పొలం నుంచి తీసుకుంటే చాలు. ఇది భౌతికశాస్త్ర అధ్యాపకుల బాధ్యత మాత్రమే కాదు. పరిభాషను పరిశోధించే తెలుగు అధ్యాపకులకూ ఇందులో పాలుంది.