యూరోగ్రూప్

యూరో వాడే దేశాల ఆర్థిక మంత్రుల అనధికారిక బృందం యూరోగ్రూప్. సాధారణంగా నెలకోసారి, ఐరోపా సమాఖ్య దేశాలన్నిటి ఆర్థిక మంత్రుల మండలి ‘ఎకోఫిన్’ సమావేశానికి ముందురోజు కలుస్తుంది. చట్టపరమైన అధికారం ఎకోఫిన్‌దే. అయినా యూరో చరిత్రలో కీలకమైన నిర్ణయాలు చాలావరకు ఈ బృందంలోనే రూపుదిద్దుకున్నాయి.

దీని అవసరానికి మూలం 1992లో సంతకాలైన మాస్ట్రిక్ట్ ఒప్పందంలో ఉంది. అది ద్రవ్య విధానాన్ని ఒకే కేంద్ర బ్యాంకుకు అప్పగించి, పన్నులు, బడ్జెట్లు మాత్రం ఏ దేశానివి ఆ దేశానికే వదిలేసింది. బడ్జెట్ లోటు జీడీపీలో 3 శాతం, అప్పు 60 శాతం దాటరాదని హద్దులు పెట్టింది. అంతమాత్రం చాలదని, కేంద్ర బ్యాంకుకు దీటుగా రాజకీయ వేదిక ఉండాలని ఫ్రాన్స్ పట్టుబట్టింది. అది బ్యాంకు స్వతంత్రతకు ముప్పని జర్మనీ సందేహించింది. యూరోలో చేరని బ్రిటన్ తనను బయట ఉంచడాన్ని వ్యతిరేకించింది. 1997 డిసెంబరులో లక్సెంబర్గ్ శిఖరాగ్ర సమావేశంలో రాజీ కుదిరింది: యూరో దేశాల మంత్రులు విడిగా కలిసి మాట్లాడుకోవచ్చు, నిర్ణయాలు మాత్రం ఎకోఫిన్‌లోనే జరగాలి. తొలి సమావేశం 1998 జూన్ 4న లక్సెంబర్గ్‌లోని సెన్నింగెన్ కోటలో జరిగింది.

హద్దులకు మొదటి పరీక్ష పెద్ద దేశాలే పెట్టాయి. 2003 నవంబరులో ఫ్రాన్స్, జర్మనీల లోటు 3 శాతం దాటినా, వాటిపై తదుపరి చర్యలను మంత్రులు నిలిపివేశారు. మరుసటి ఏడాది ఐరోపా న్యాయస్థానం ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. 2005లో నిబంధనలనే సడలించారు. అదే ఏడాది లక్సెంబర్గ్ నేత జాన్-క్లోద్ యుంకర్ బృందానికి తొలి స్థిర అధ్యక్షుడయ్యారు. 2009లో అమల్లోకి వచ్చిన లిస్బన్ ఒప్పందం ఒక ప్రోటోకాల్‌లో బృందాన్ని ప్రస్తావించి, అధ్యక్షుడి పదవీకాలాన్ని రెండున్నరేళ్లుగా నిర్ణయించింది. ‘అనధికారిక’ అన్న మాటను మాత్రం అలాగే ఉంచింది.

ఆ మాట అసలు బరువు అప్పుల సంక్షోభంలో తెలిసింది. 2010 మే నెలలో గ్రీసుకు 110 బిలియన్ యూరోల రుణం కుదిరింది. బదులుగా జీతాలు, పింఛన్లు కోతపడ్డాయి. 2013 మార్చిలో సైప్రస్‌కు సాయం చేయడానికి, బీమా ఉన్న లక్ష యూరోల లోపు డిపాజిట్లపైనా 6.75 శాతం కోత వేయాలని తేల్చారు. చిన్న పొదుపుదారులు బెంబేలెత్తిపోయారు, సైప్రస్ పార్లమెంటు ఒప్పుకోలేదు. పది రోజులు తిరగకముందే కోతను పెద్ద డిపాజిట్లకు పరిమితం చేయాల్సి వచ్చింది. బృందం చేసిన తప్పుల్లో అతి తీవ్రమైనది ఇదే.

2015 జూన్ 27న గ్రీసు సమ్మతి లేకుండానే మిగతా మంత్రులు ఆ దేశ రుణ కార్యక్రమంపై ప్రకటన విడుదల చేశారు. ఏకాభిప్రాయం అక్కర్లేదా అని తాను అడిగితే, యూరోగ్రూప్‌కు చట్టంలో ఉనికే లేదని అధికారులు బదులిచ్చారని గ్రీసు మంత్రి యానిస్ వరూఫాకిస్ తర్వాత చెప్పారు. జులై 5 ప్రజాభిప్రాయ సేకరణలో 61 శాతానికి పైగా గ్రీకులు రుణదాతల షరతులను తిరస్కరించారు. అయినా వారం రోజులకే వారి ప్రభుత్వం మూడో రుణ కార్యక్రమానికి తలొగ్గింది.

సైప్రస్ డిపాజిటర్ల దావాలపై 2020 డిసెంబరులో ఐరోపా న్యాయస్థానం, యూరోగ్రూప్ సమాఖ్య సంస్థ కాదని, దానిపై నష్టపరిహారం కోరడం కుదరదని తీర్పిచ్చింది. దావా వేస్తే ఐరోపా కమిషన్, కేంద్ర బ్యాంకు వంటి సంస్థలపైనే వేయాలి. చట్టం ప్రకారం అది సరే కావచ్చు. కానీ లక్షల కుటుంబాల పొదుపును, పింఛన్లను తాకే మాటలు ఖరారయ్యే చోట జవాబుదారీతనం ఇంత పలచగా ఉండటం సమర్థనీయం కాదు.

కోవిడ్ కాలంలో బృందం వేగంగా కదిలింది. 2020 ఏప్రిల్‌లో 540 బిలియన్ యూరోల రక్షణ ప్యాకేజీకి అంగీకరించింది. 2025 డిసెంబరులో గ్రీసు ఆర్థిక మంత్రి కిరియాకోస్ పియెరకాకిస్ అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. 2026 జనవరి 1న బల్గేరియా చేరికతో సభ్యదేశాలు 21 అయ్యాయి.