సంకరజాతి ఆవుల పెంపకం: చిన్న రైతు తెలుసుకోవలసిన అంశాలు

ఒకటి రెండు ఆవులతో పాడి సాగించే కుటుంబానికి సంకరజాతి ఆవు నెలనెలా ఆదాయం తెచ్చే ఆధారం. చాలా సందర్భాల్లో అప్పు చేసి పెట్టిన పెట్టుబడి కూడా అదే. దేశవాళీ ఆవు కంటే ఎక్కువ పాలిచ్చే ఈ పశువు అంతకు తగినట్టే ఎక్కువ మేత, నీరు, నీడ కోరుతుంది. పోషణలో లోపం జరిగితే నష్టం ఆ పూట పాలతో ఆగదు. ఎద ఆలస్యమవుతుంది, పొదుగు దెబ్బతింటుంది, ఒక్క వ్యాధితో పెట్టుబడి మొత్తం పోయే ప్రమాదమూ ఉంటుంది.

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలోని 19 కోట్లకు పైగా ఆవులు, ఎద్దుల్లో విదేశీ, సంకరజాతి పశువులు 5 కోట్లకు మించి ఉన్నాయి. దేశవాళీ ఆవులను జెర్సీ, హోల్‌స్టీన్ ఫ్రీజియన్, బ్రౌన్ స్విస్ వంటి జాతులతో సంకరపరచగా ఇవి వచ్చాయి. కేరళలో రూపొందిన సునందిని, కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థ థార్‌పార్కర్, హోల్‌స్టీన్ ఫ్రీజియన్ కలయికతో తయారుచేసిన కరణ్ ఫ్రైస్ ఇందుకు ఉదాహరణలు.

విదేశీ రక్తం ఎంత ఉండాలి

దేశవాళీ ఆవుకు శుద్ధ విదేశీ ఆబోతు వీర్యం వేయిస్తే పుట్టే పెయ్యలో విదేశీ రక్తం 50 శాతం ఉంటుంది. ఆ పెయ్యకు మళ్లీ శుద్ధ విదేశీ వీర్యమే వేయిస్తే తర్వాతి తరంలో అది 75 శాతానికి, ఆపై తరంలో 87.5 శాతానికి చేరుతుంది. శాతం పెరిగే కొద్దీ పాల సామర్థ్యం పెరగవచ్చు గానీ ఎండను, గోమార్లను, నాసిరకం మేతను తట్టుకునే గుణం తగ్గిపోతుంది. అందుకే చిన్న రైతుల పరిస్థితుల్లో 50 శాతం, ఎక్కువలో ఎక్కువ 62.5 శాతం వరకే మేలని పశు సంవర్ధక నిపుణులు సూచిస్తారు. ఆ స్థాయి నిలవాలంటే 50 శాతం రక్తమున్న ఆవుకు సంకరజాతి ఆబోతు వీర్యాన్నే ఎంచుకోవాలి. ఆవు ఏ తరానికి చెందినదో కృత్రిమ గర్భధారణ చేసే సిబ్బందికి ముందే తెలియజేయడం రైతు బాధ్యత.

పచ్చిమేత, నీటి వసతి పుష్కలంగా ఉన్నచోట హోల్‌స్టీన్ సంకరం లాభిస్తుంది. మేత పరిమితంగా ఉన్న ప్రాంతాలకు చిన్న దేహం, ఎక్కువ వెన్నశాతం గల జెర్సీ సంకరం అనువైనది.

కొట్టం, వేసవి జాగ్రత్తలు

ఒక్కో ఆవుకు సుమారు 3.5 చదరపు మీటర్ల కప్పు నీడ, 7 చదరపు మీటర్ల ఆరుబయలు అవసరం. నేల జారకుండా, మూత్రం నిలవకుండా వాలుగా ఉండాలి. సిమెంటు లేదా లోహపు రేకుల కప్పు అయితే వేసవిలో పైన గడ్డి పరచి తడపాలి. ఆవు నోరు తెరిచి రొప్పుతున్నా, చొంగ కారుస్తున్నా, మేత మాని నిలబడే ఉంటున్నా వడగాడ్పు ప్రభావంగా గుర్తించాలి. అలాంటప్పుడు నీడకు చేర్చి, ఒంటిపై నీళ్లు చల్లి, గాలి తగిలేలా చూడాలి. గాలి ఆడని కొట్టంలో నీళ్లు మాత్రమే చల్లితే ఉక్కపోత పెరుగుతుంది. మేతలో అధిక భాగాన్ని తెల్లవారుజామున, సాయంత్రం చల్లబడిన తర్వాత వేయాలి. చల్లని తాగునీరు రోజంతా అందుబాటులో ఉంచాలి.

మేత, దాణా లెక్క

ఆవు శరీర బరువులో 2.5 నుంచి 3 శాతం మేర పొడి పదార్థం రోజూ అందాలి. సాధారణంగా 20 నుంచి 25 కిలోల పచ్చిమేత, 5 నుంచి 6 కిలోల ఎండుమేతతో పాటు శరీర పోషణకు సుమారు 2 కిలోల దాణా, ప్రతి 2.5 లీటర్ల పాలకు మరో కిలో దాణా ఇస్తారు. ఈ లెక్కన 10 లీటర్ల పాలిచ్చే ఆవుకు రోజుకు 6 కిలోల దాణా కావాలి. నేపియర్ వంటి గడ్డిజాతి మేతకు అలసంద, లూసర్న్ వంటి పప్పుజాతి మేత జోడిస్తే మాంసకృత్తులు అంది దాణా ఖర్చు తగ్గుతుంది. రోజూ సుమారు 50 గ్రాముల లవణ మిశ్రమం ఇవ్వడం మరువరాదు.

వానలు లేక వాడిన లేత జొన్నను, కోసిన మోడు నుంచి వచ్చిన పిలకలను మేపితే నాము సోకి పశువు నిమిషాల్లో మరణించవచ్చు. దాణాను ఒక్కసారిగా పెంచడం, విందు భోజనాల్లో మిగిలిన అన్నం పెద్దమొత్తంలో పెట్టడం కడుపులో ఆమ్లం పెరిగి ప్రాణాపాయానికి దారితీస్తుంది.

ఎద గుర్తింపు, చూడి

ఆవుకు సగటున 21 రోజులకు ఒకసారి ఎద వస్తుంది. అరవడం, ఇతర పశువులపై ఎక్కడం, తీగలు సాగే మాసర వేయడం ప్రధాన లక్షణాలు. ఉదయం ఎద లక్షణాలు కనిపిస్తే అదే రోజు సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మరుసటి ఉదయం గర్భధారణ చేయించాలి. ఒక్క ఎద గుర్తించక పోయినా మరో 21 రోజుల మేత ఖర్చు రైతుపై పడుతుంది. ఈనిన 60 రోజుల తర్వాత మొదలుపెట్టి 90 నుంచి 110 రోజుల లోపు చూడి నిలిస్తే, సుమారు 280 రోజుల గర్భకాలంతో 12, 13 నెలలకో దూడ దక్కుతుంది. ఈనడానికి రెండు నెలల ముందు పాలు పితకడం ఆపి ఆవును వట్టిపోనివ్వాలి. అప్పుడే పొదుగు తర్వాతి ఈతకు సిద్ధమవుతుంది.

దూడకు మొదటి గంటలు

పుట్టిన దూడకు సొంతంగా రోగనిరోధక శక్తి దాదాపు ఉండదు. అది ముర్రుపాల ద్వారానే లభిస్తుంది. ఆ రక్షక పదార్థాలను గ్రహించే శక్తి దూడ పేగులకు ఒక రోజు దాటితే పోతుంది. కాబట్టి మాయ పడే వరకు ఆగకుండా గంట, రెండు గంటల్లోనే ముర్రుపాలు తాగించాలి. మొదటి రోజు మొత్తం దూడ బరువులో పదో వంతు అందాలి. బొడ్డుకు టింక్చర్ అయోడిన్ పూయాలి.

పాలు పితికే తీరు

ఆవుతో మెలిగే పద్ధతి పాల దిగుబడిపై నేరుగా ప్రభావం చూపుతుంది. కొట్టినా, అదిలించినా, కొత్తవారు పితికినా ఆవు సరిగా చేపదు. చేపు వచ్చాక ఐదు నుంచి ఏడు నిమిషాల్లో పితకడం పూర్తి కావాలి. బొటనవేలు మడిచి లాగే అలవాటు చన్నును గాయపరుస్తుంది. చన్నును పిడికిట పట్టి పితకడమే సరైన పద్ధతి. పితికిన తర్వాత చన్నులను అయోడిన్ ద్రావణంలో ముంచి, ఆవు అరగంట పాటు పడుకోకుండా మేత వేస్తే పొదుగువాపు ముప్పు తగ్గుతుంది. యాంటీబయాటిక్ వాడిన ఆవు పాలను వైద్యుడు చెప్పిన గడువు ముగిసే వరకు అమ్మరాదు. పశువు ఆరోగ్యానికి హాని చేసే సూదులతో పాలు చేపించడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం.

వ్యాధులు, టీకాలు

గోమార్ల ద్వారా సోకే థైలీరియోసిస్, బెబీసియోసిస్ దేశవాళీ పశువుల కంటే సంకరజాతి ఆవులను తీవ్రంగా బాధిస్తాయి. ఎడతెగని జ్వరం, భుజం ముందు గ్రంథుల వాపు మొదటిదానికి, కాఫీ రంగు మూత్రం రెండోదానికి సూచనలు. గోమార్లు గోడల పగుళ్లలో గుడ్లు పెడతాయి. అందువల్ల పశువు ఒంటికి మందు పూస్తే సరిపోదు, కొట్టాన్నీ శుభ్రపరచాలి.

అధిక పాలిచ్చే ఆవుకు ఈనిన మూడు రోజుల్లోపు పాలజ్వరం రావచ్చు. పేరులో జ్వరం ఉన్నా, ఒళ్లు చల్లబడి ఆవు మెడను డొక్కవైపు తిప్పుకొని పడిపోతుంది. కాల్షియాన్ని వేగంగా ఎక్కిస్తే గుండె ఆగే ప్రమాదం ఉన్నందున చికిత్స పశువైద్యుడే చేయాలి. మింగలేని ఆ స్థితిలో నోట్లో మందు పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది.

గాలికుంటుకు ఆరు నెలలకోసారి, గొంతువాపు, జబ్బవాపులకు వర్షాకాలానికి ముందు టీకాలు వేయించాలి. 4 నుంచి 8 నెలల పెయ్యలకు బ్రూసెల్లా టీకా జీవితకాలంలో ఒక్కసారి చాలు. 2022లో పలు రాష్ట్రాల్లో భారీగా పశువులను బలిగొన్న లంపీ చర్మవ్యాధికి కూడా ముందస్తు టీకాయే రక్షణ.

కొనేముందు

రెండో లేదా మూడో ఈతలో ఉన్న ఆవును ఎంచుకొని, వరుసగా మూడు పూటలు దగ్గరుండి పాలు పితికించి చూడాలి. నాలుగు చన్నులూ సమంగా పాలిస్తున్నాయా అన్నది గమనించాలి. 12 అంకెల చెవిపోగు సంఖ్య ఆధారంగా టీకాలు, ఈతల వివరాలు సరిచూసుకోవాలి. బ్రూసెల్లా, క్షయ పరీక్షలు చేయించి, ఇంటికి తెచ్చాక మూడు వారాలు విడిగా కట్టాలి. బీమా వెంటనే తీసుకోవాలి. ఎద, గర్భధారణ, ఈత, టీకా తేదీలు, రోజువారీ పాలు, దాణా ఖర్చు ఒక పుస్తకంలో రాసి ఉంచితే ఏ ఆవు కుటుంబాన్ని పోషిస్తోందో, ఏది భారమవుతోందో స్పష్టమవుతుంది. అత్యవసర వైద్యానికి సంచార పశువైద్య సేవల టోల్‌ఫ్రీ నంబరు 1962.