గోరీ అండ్ డిఫీటెడ్ నమూనా రైలుమార్గం

గోరీ అండ్ డిఫీటెడ్ అనునది అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని కాలిఫోర్నియా రాష్ట్రం, మాంటెరే పట్టణంలో జాన్ విట్బీ ఆలెన్ (జూలై 2, 1913 - జనవరి 6, 1973) తన ఇంటిలో నిర్మించిన ప్రసిద్ధ నమూనా రైలుమార్గం. నమూనా రైళ్ళ చరిత్రలో విశేషమైన పేరు పొందిన ఈ కట్టడం 1973లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. నేడు దానిని గురించి మనకు తెలియుటకు ప్రధాన ఆధారం ఆలెన్ స్వయంగా తీసిన ఛాయాచిత్రాలే.

పేరు

గోరీ, డిఫీటెడ్ అనునవి ఈ మార్గంలోని రెండు కల్పిత పట్టణాలు. అమెరికాలో అనేక రైలు సంస్థలకు రెండు ఊళ్ళ పేర్లు కలిపి పెట్టుట ఆనవాయితీ. ఆలెన్ ఆ ఆనవాయితీని పాటిస్తూనే ఒక చమత్కారం చేశాడు. ఊళ్ళ పేర్లుగా తోచునట్లు వర్ణక్రమం మార్చి వ్రాసినా, పైకి చదివితే ఆంగ్లంలో "నెత్తురోడి ఓడిపోయిన" అను అర్థం వినిపిస్తుంది. గ్రేట్ డివైడ్, పోర్ట్, ఫ్రెంచ్ గల్చ్ మొదలైనవి ఇందులోని ఇతర కల్పిత స్థలాలు.

నిర్మాత

ఆలెన్ మిస్సోరీ రాష్ట్రంలోని జోప్లిన్‌లో జన్మించాడు. బాల్యంలో వచ్చిన రుమాటిక్ జ్వరం వలన అతని గుండె బలహీనపడింది. వృత్తిరీత్యా ఛాయాచిత్రకారుడై లాస్ ఏంజెలెస్‌లో స్టూడియో నడిపాడు. 1946లో మాంటెరే చేరిన తరువాత నమూనా రైళ్ళ నిర్మాణం అతని ప్రధాన వ్యాసంగమైంది. వెలుగునీడల గురించి వృత్తిలో నేర్చినదంతా ఈ పనికి అక్కరకు వచ్చింది.

నిర్మాణం

మొదటి నమూనా ఒక బల్లపై అమరునంత చిన్నది. 1950ల మొదటి భాగంలో ఆలెన్ కొత్త ఇంటి నేలమాళిగలో పెద్ద మార్గం ఆరంభించి, పాత చిన్న నమూనాను అందులోనే ఒక భాగంగా కలిపాడు. కొండలు, లోయలు నేల నుండి పైకప్పు వరకు వ్యాపించి ఉండేవి.

ఈ మార్గం హెచ్.ఓ. అనబడు కొలతలో నిర్మితమైంది. ఈ కొలతలో ప్రతి వస్తువు అసలు పరిమాణంలో 87వ వంతు ఉంటుంది. ఆరడుగుల మనిషి సుమారు 21 మిల్లీమీటర్ల బొమ్మ అవుతాడు. 1,435 మి.మీ. ప్రామాణిక గేజి 16.5 మి.మీ. అవుతుంది. మన దేశపు బ్రాడ్ గేజి (1,676 మి.మీ.) ఇదే కొలతలో సుమారు 19 మి.మీ. ఉండవలెను.

ఆలెన్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతులలో ముఖ్యమైనవి:

1. పాతదనం కల్పించుట: ఆ కాలంలో నమూనా రైళ్ళను కొత్త రంగుతో మెరిసేటట్లు ఉంచుట వాడుక. ఆలెన్ వాటిపై తుప్పు, మసి, ధూళి, వానచారికలు కనబడునట్లు రంగులద్దాడు. ఈ పద్ధతిలో చేసిన ఇంజను షెడ్డు నమూనాకు 1948లో మోడల్ రైల్‌రోడర్ పత్రిక పోటీలో ప్రథమ బహుమతి లభించింది.
2. దూరభ్రమ: వెనుకనున్న వస్తువులను మరింత చిన్నవిగా చేసి, అక్కడక్కడ అద్దాలు అమర్చి, చిన్న గదిని విశాలమైన ప్రదేశంగా చూపాడు.
3. సమయపట్టిక ప్రకారం నడుపుట: మిత్రులు తలా ఒక బాధ్యత వహించి అసలు రైల్వేలో వలె బండ్లు నడిపేవారు.

షంటింగ్ మెళకువలను పరీక్షించే "టైమ్‌సేవర్" అను ఐదు పాయింట్ల చిక్కుముడి కూడా ఆలెన్ రూపొందించినదే. మార్గంలో హాస్యానికీ చోటున్నది. ఎమ్మా అను స్టెగోసారస్ రాక్షసబల్లి బొమ్మ షంటింగ్ ఇంజనుకు బదులుగా పెట్టెలు లాగుతున్నట్లు చిత్రాలలో కనబడుతుంది.

ఛాయాచిత్రాలు

ఆలెన్ చిత్రాలు మోడల్ రైల్‌రోడర్ పత్రికలోను, వార్నీ సంస్థ ప్రకటనలలోను విరివిగా వచ్చాయి. ఈ మార్గాన్ని స్వయంగా చూసినవారు కొద్దిమందే కాగా, చిత్రాల ద్వారా ఎరిగినవారు అనేకులు.

చిన్న వస్తువును దగ్గరనుండి తీసినపుడు కొంత భాగమే స్పష్టంగా వచ్చి, ముందువెనుకలు మసకబారుతాయి. కంటికి అది బొమ్మ అని ఇట్టే తెలిసిపోతుంది. దీనిని అధిగమించుటకు కెమెరా ద్వారాన్ని బాగా కుదించి, ఎక్కువసేపు వెలుగు సోకనివ్వాలి. కెమెరాను బొమ్మ మనిషి కంటి ఎత్తుకు దించడం మరొక సూత్రం.

అసలు రైళ్ళ చిత్రణలో ఇదే కాలానికి చెందినవాడు ఓ. విన్‌స్టన్ లింక్. అతడు 1955-60 మధ్య నార్ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వే చివరి ఆవిరి ఇంజన్లను రాత్రివేళ ఫ్లాష్ దీపాలతో చిత్రించాడు. లింక్ కనుమరుగవుతున్న దానిని పదిలపరిచాడు. ఆలెన్ ఎన్నడూ లేని రైల్వేకు గతాన్ని కల్పించాడు.

నమూనా చిత్రాన్ని గుర్తించుట

పాత రైళ్ళ చిత్రాలు సేకరించే విద్యార్థులు నమూనా చిత్రాన్ని చారిత్రక ఆధారంగా పొరపడరాదు. ఈ క్రింది గుర్తులు ఉపకరిస్తాయి:

* పట్టాలు, చక్రాల అంచులు కొలతకు మించి మందంగా ఉండుట.
* మలుపులు మిక్కిలి ఇరుకుగా ఉండుట. నమూనాలో సాధారణమైన 18 అంగుళాల వ్యాసార్ధం అసలు కొలతలో 40 మీటర్లే. ప్రధాన మార్గాలలో వంపుల వ్యాసార్ధం వందల మీటర్లుంటుంది.
* నీరు, పొగ సహజంగా కనబడకపోవుట. నీటిబొట్టును 87వ వంతుకు కుదించుట సాధ్యం కాదు.

వినాశనం

1973 జనవరి 6న ఆలెన్ తన 59వ యేట గుండెపోటుతో మరణించాడు. అప్పటికి నిర్మాణం తుదిదశలో ఉన్నది. పది రోజుల తరువాత ఇంటిలో నిప్పంటుకొని, ఇరవై యేళ్ళ శ్రమ దాదాపు పూర్తిగా కాలిపోయింది.

మోడల్ రైల్‌రోడర్ పూర్వ సంపాదకుడు లిన్ వెస్ట్‌కాట్ ఆలెన్ కృషిపై రచించిన గ్రంథం, రచయిత మరణానంతరం 1981లో వెలువడింది. కట్టడం నశించినా, కాలినవాటిలో చేరక పత్రికల పుటలలో మిగిలిన చిత్రాలను చూచి తరువాతి తరాలవారు ఆ పద్ధతులను అభ్యసించారు.

ఇవి కూడా చూడండి

* ఆవిరి యంత్రం
* ఛాయాచిత్రకళ
* రైలు గేజి