మూడు కొండల లెక్క

పావులూరి మల్లన పేరున నిలిచిన చంపకమాల ఒకటుంది. వింటే వర్ణనేమో అనిపిస్తుంది: బాణాలు, చంద్రుడు, సముద్రాలు, నిప్పు, ఏనుగు, కొండలు. ఆఖరున కవి కాస్త గుట్టు విప్పుతాడు. చదరంగపు గళ్లలో రెట్టింపు చేసుకుంటూ పోతే వచ్చే మొత్తం ఇది అంటాడు. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు. 64 గళ్లకూ కలిపి ఎన్ని?

జవాబు ఆ వర్ణనలోనే ఉంది. మన్మథుడి బాణాలు ఐదు కనుక శరమంటే 5, సాయకమన్నా 5. చంద్రుడు ఒక్కడే, 1. ఆకాశం సున్నా. దిగ్గజాలు ఎనిమిది కనుక ఏనుగు 8. కులపర్వతాలు ఏడు కనుక కొండ 7. పద్యంలో కొండ మూడు పేర్లతో వస్తుంది: నగం, భూధరం, గిరి. ఆ ఏడు కులపర్వతాల్లో మహేంద్రం మన తూర్పు కనుమలదే. శ్రీకాకుళం జిల్లా సరిహద్దు దాటితే ఒడిశాలో, సవరల సీమలో ఉన్న మహేంద్రగిరి అది.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. నగానికి అగ్ని కలిసి 'నగాగ్ని' అయింది. తొందరలో నాగమనుకుంటే 8 పడుతుంది, లెక్కంతా చెడుతుంది. దీర్ఘం 'గ'కే ఉంది, 'న'కు లేదు. కాబట్టి కొండే, 7.

అంకెలు వచ్చిన వరసలోనే రాస్తే 51తో మొదలవుతుంది. అది కుదరదు. గళ్లన్నీ కలిపితే రెండును 64 సార్లు హెచ్చించగా వచ్చేదానికి ఒకటి తక్కువ. రెండును పదిసార్లు హెచ్చిస్తే 1024, అంటే వెయ్యి పైచిలుకు. ఆ లెక్కన అరవై సార్లకు ఒకటి పక్కన పద్దెనిమిది సున్నాలు దాటుతుంది. ఇంకో నాలుగు సార్లకు దానికి పదహారు రెట్లు. ఆ పైచిలుకులూ కలుపుకుంటే జవాబు 18 దగ్గర మొదలవ్వాలి. పద్యంలో అంకెలు చెప్పే చివరి రెండు మాటలు ఏనుగు, చంద్రుడు: 8, 1. వెనక నుంచి చదివితే సరిగ్గా 18! ప్రాచీనుల పద్ధతీ అదే, ఒకట్ల స్థానం ముందు చెబుతారు.

మొత్తం: 1,84,46,74,40,73,70,95,51,615.

ఇరవై అంకెల్లో ఒక్కటీ తప్పలేదు. మహావీరాచార్యుడి సంస్కృత గణితసారసంగ్రహాన్ని తెలుగు చేసిన మనిషికి ఇది తగిన పద్యం. రెట్టింపులతో పుట్టిన ఈ సంఖ్యలో 2 అనే అంకె ఒక్కచోటా లేదు. విడగొడితే ఏడు ప్రధాన సంఖ్యలు: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఇందులో 641ది పెద్ద కథ. రెండును 32 సార్లు హెచ్చించి ఒకటి కలిపితే వచ్చేది ప్రధాన సంఖ్యేనని గణితవేత్త ఫెర్మా నమ్మాడు. దాన్ని 641 భాగిస్తుందని 1732లో ఆయిలర్ చూపాడు.

గింజలు అరకు కొండల చోళ్లే అనుకుందాం. గ్రాముకు సుమారు 400 తూగుతాయి. అన్నీ కలిపితే 4,600 కోట్ల టన్నులు. 2022లో ఏర్పడినప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లా అంతటా పరిస్తే మనిషి ఎత్తుకు దాదాపు మూడింతలు పేరుకుంటాయి.

నమ్మకం కుదరకపోతే కాగితం తీసుకోండి. 2ను దానితోనే హెచ్చించండి, వచ్చినదాన్ని మళ్లీ దానితోనే, ఇలా ఆరుసార్లు. చివర ఒకటి తీసేసి మల్లన పద్యంతో సరిచూడండి.