డిస్కుకు పేరెవరు పెట్టాలి?

లినక్స్‌లో డిస్కు మీది ఒక విభాగాన్ని వాడుకోవాలంటే ముందుగా దాన్ని ఫైళ్ళ వృక్షంలో ఏదో ఒక కొమ్మకు అంటుకట్టాలి. మౌంట్ చేయడమంటే అదే. ఏ విభాగాన్ని ఏ కొమ్మకు కట్టాలో ఎఫ్‌స్టాబ్ అనే చిన్న పట్టికలో రాసివుంటుంది. నిన్నటిదాకా సవ్యంగా నడిచిన కంప్యూటరు కొత్త డిస్కు తగిలించగానే మొరాయించిందంటే, చాలాసార్లు లోపం డిస్కులో ఉండదు, ఆ పట్టికలోని పేరులో ఉంటుంది. ఈ పేర్ల చిక్కు విడిన చరిత్రలో రెండు కెనడా నగరాలకు చోటుంది.

తొలినాళ్ళ ఐడీఈ డిస్కు పేరు (హెచ్‌డీఏ, హెచ్‌డీబీ) అది ఏ కేబులుకు ఏ స్థానంలో తగిలివుందో చెప్పేది. స్కజీ డిస్కులకు కనబడిన వరుసలో ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని పేర్లు పడేవి; యూఎస్‌బీ డిస్కులూ ఈ వరుసలోనే చేరాయి. మొదటిది రోగిని మంచం నంబరుతో పిలవడం. రెండోది ఓపీలో వచ్చినవారికి వచ్చినట్టు టోకెన్లివ్వడం. మధ్యలో ఒకరు దూరితే తర్వాతివారి నంబర్లన్నీ మారిపోతాయి. నిన్నటి ఎస్‌డీబీని ఫార్మాట్ చేయమని రాసుకున్న ఆదేశం ఇవాళ మరో డిస్కును, అందులోని ఇరవయ్యేళ్ళ ఫోటోలను తుడిచివేయవచ్చు. మేం పనిచేసే కెనడా ఆసుపత్రుల్లో మంచం నంబరు గుర్తింపు కింద చెల్లదు. మందు ఇచ్చేముందు కనీసం రెండు గుర్తింపులు సరిచూడాలి.

కాల్గరీ విశ్వవిద్యాలయం చిరునామాతో రాస్తుండిన రిచర్డ్ గూచ్ రూపొందించిన డెవ్‌ఎఫ్‌ఎస్ 2000లో కెర్నెల్లో చేరింది. అంతకుముందు డెవ్ డైరెక్టరీలో, యంత్రంలో లేని పరికరాలకు సైతం వందల పేర్లు పడివుండేవి. డెవ్‌ఎఫ్‌ఎస్ ఉన్నవాటికే పేర్లిచ్చింది. అయితే ఆ పేర్లు పరికరం తగిలిన చోటును బట్టి వచ్చేవి, వాటిని పెట్టేదీ కెర్నెలే. 2003 జులైలో ఆటవా లినక్స్ సింపోజియంలో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ యూడెవ్ మీద పత్రం సమర్పించారు. పరికరం కనబడిందని చెప్పడంతో కెర్నెల్ పని తీరుతుందని, ఏ పేరు పెట్టాలన్నది యంత్రం యజమాని మార్చుకోగల నియమాల్లో ఉండాలని ఆయన వాదన సారాంశం. 2006లో డెవ్‌ఎఫ్‌ఎస్‌ను కెర్నెల్ నుంచి తొలగించారు. అందుచేత గూచ్ శ్రమ వృథా అయిందనడం నాకు అన్యాయమనిపిస్తుంది. ఉన్నవాటికే పేరు అన్న సూత్రం నేటికీ నిలిచేవుంది.

ఫైల్‌సిస్టమ్‌ను సృష్టించినప్పుడే దానికి 128 బిట్ల యూయూఐడీ అనే సంఖ్య పడుతుంది. డిస్కును ఏ యంత్రానికి తగిలించినా అది మారదు. యూడెవ్ ఆ సంఖ్యతోనూ ఒక దారి చూపిస్తుంది. ఐడీఈ డిస్కులు కొత్త డ్రైవర్ల కింద ఎస్‌డీ పేర్లలోకి మారుతున్న రోజుల్లో, 2006 అక్టోబరు నాటి ఉబుంటు 6.10 ఎఫ్‌స్టాబ్‌లో యూయూఐడీలనే రాసింది. మీ డిస్కుల సంఖ్యలను బీఎల్‌కేఐడీ ఆదేశం చూపుతుంది. పట్టికతో పోల్చి చూడడమే తొలి పరీక్ష.

దీనికీ ఒక చిక్కుంది. డిస్కును యథాతథంగా నకలు తీస్తే సంఖ్య కూడా నకలవుతుంది, కవల పిల్లలిద్దరికీ ఒకే కేస్‌షీటు రాసినట్టు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే రెండోదాన్ని మౌంట్ చేయడానికి నిరాకరిస్తుంది. ఈఎక్స్‌టీ4 నకలుకు మాత్రం, అసలు డిస్కును విడదీసి, ట్యూన్2ఎఫ్‌ఎస్‌తో కొత్త సంఖ్య మనమే ఇవ్వాలి.